నేపాల్‌కు శాంతి వచ్చింది, న్యాయం ఇంకా రాలేదు

ఐక్యరాజ్య సమితి అండతో సాగిన సంస్కరణల్లో మంచి చెడ్డలు

2025 సెప్టెంబరు 9వ తేదీన ఖాట్మండు నగరంలో చెలరేగిన మంటల్లో పార్లమెంటు భవనం, ప్రభుత్వ సచివాలయమైన సింహదర్బారుతోపాటు దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా దగ్ధమైంది. వేలాది కేసుల దస్త్రాలు బూడిదయ్యాయి. కొద్ది రోజుల అనంతరం న్యాయమూర్తులు ఆవరణలో గుడారాలు వేయించుకుని కార్యకలాపాలను పునఃప్రారంభించవలసి వచ్చింది. అంతకు ముందురోజు యువజనుల నిరసన ప్రదర్శనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో 19 మంది మరణించడం, మర్నాడే ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేయడం, మృతుల సంఖ్య చివరకు 70 దాటడం తెలిసిందే. ఓలీ స్థానంలో తాత్కాలిక ప్రధానిగా సెప్టెంబరు 12న పదవీ స్వీకారం చేసినది ఒక మాజీ ప్రధాన న్యాయమూర్తి, సుశీలా కార్కీ కావడం విశేషం.

రెండు దశాబ్దాలపాటు ఐక్యరాజ్య సమితి మొదలుకొని పలు అంతర్జాతీయ సంస్థలు చట్టబద్ధ పాలనకు, ప్రజాస్వామ్య సంస్కరణలకు చేయూతనిచ్చిన దేశం నేపాల్. అలాంటి దేశంలో న్యాయస్థానమే అగ్నికి ఆహుతి కావడంతో, ఆ సాయమంతా బూడిదలో పోసిన పన్నీరేనా అన్న ప్రశ్న తలెత్తింది. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. పదేళ్ల అంతర్యుద్ధం ముగియడానికి, రెండుసార్లు రాజ్యాంగ సభ ఎన్నికలు జరగడానికి సమితి సాయం తోడ్పడిందన్నది కాదనలేని నిజం. అదే సమితి, అవే సంస్థలు, యుద్ధకాలంలో హతులైనవారి, అదృశ్యమైనవారి కుటుంబాలకు న్యాయం చేయించలేకపోయాయన్నదీ అంతే నిజం. ఒక పని ఎందుకు నెరవేరింది, మరొకటి ఎందుకు నెరవేరలేదు అన్నది పరిశీలిస్తే వెలుపలి సాయానికి ఉన్న శక్తి, దాని పరిమితి రెండూ బోధపడతాయి.

జెనీవాలో కుదిరిన ఒప్పందం

1996 ఫిబ్రవరి 13న మావోయిస్టులు ప్రారంభించిన సాయుధ పోరాటం నేపాల్ పల్లెలను పదేళ్లపాటు అతలాకుతలం చేసింది. అధికారిక అంచనా ప్రకారం సుమారు 17 వేల మంది మరణించారు. 1,300 మందికి పైగా ఆచూకీ నేటికీ తెలియదు. 2001 నవంబరులో అత్యవసర పరిస్థితి విధించి సైన్యాన్ని రంగంలోకి దింపిన తర్వాత అరెస్టులు, అదృశ్యాలు విపరీతంగా పెరిగాయి. బలవంతపు అదృశ్యాలపై సమితి నియమించిన కార్యబృందానికి 2003, 2004 సంవత్సరాల్లో అందిన కొత్త కేసుల్లో ప్రపంచ దేశాలన్నింటిలోనూ నేపాల్‌దే అగ్రస్థానం.

ఈ పరిస్థితిలో 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర మంత్రివర్గాన్ని రద్దుచేసి అధికారాన్ని స్వయంగా చేపట్టారు. రాజకీయ నాయకులను నిర్బంధించారు. టెలిఫోన్లు మూగబోయాయి. పత్రికలపై ఆంక్షలు విధించారు. భారత్, బ్రిటన్‌లు నేపాల్‌కు సైనిక సాయాన్ని నిలిపివేశాయి. సరిగ్గా అదే సమయంలో జెనీవాలో సమితి మానవ హక్కుల సంఘం వార్షిక సమావేశాలు మొదలయ్యాయి. నేపాల్‌ను తీవ్రంగా అభిశంసించే తీర్మానం తప్పదన్న సూచనలు వెలువడ్డాయి. ఆ గండం గట్టెక్కడానికి రాజు ప్రభుత్వం మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. దేశంలో సమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయాన్ని నెలకొల్పేందుకు 2005 ఏప్రిల్ 10న ఒప్పందంపై సంతకం చేసింది.

అభిశంసనను తప్పించుకోవడానికి అంగీకరించిన ఈ ఏర్పాటు రాజు ఊహించినదానికంటే ఎక్కువ ప్రభావం చూపింది. ముందస్తు సమాచారం ఇవ్వకుండా సైనిక శిబిరాల్లోకి, జైళ్లలోకి వెళ్లి ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడే అధికారం సమితి పరిశీలకులకు లభించింది. 2005 మే నెలలో ఇయాన్ మార్టిన్ నాయకత్వంలో కార్యాలయం పని ప్రారంభించింది. రాజధానితోపాటు నేపాల్‌గంజ్, విరాట్‌నగర్, పోఖరా పట్టణాల్లో శాఖలు వెలిశాయి. అంతవరకు ఏ న్యాయమూర్తీ అడుగుపెట్టలేని శిబిరాల గేట్ల వద్ద నీలిరంగు పతాకం తగిలించిన వాహనాలు ఆగడం మొదలైంది.

రాజు సైన్యం ఈ పరిశీలనను సహించడానికి మరో బలమైన కారణం ఉంది. సమితి శాంతి పరిరక్షక దళాలకు అత్యధికంగా సైనికులను పంపే దేశాల్లో నేపాల్ ఒకటి. విదేశాల్లో శాంతి దళంలో పనిచేయడం నేపాలీ సైనికుడికి గౌరవమే కాదు, కుటుంబానికి ఆర్థికంగా పెద్ద ఆసరా కూడా. హక్కుల ఉల్లంఘన ముద్ర పడితే ఆ అవకాశం చేజారుతుందన్న భయం సైనిక నాయకత్వంపై ఉపన్యాసాలకంటే బాగా పనిచేసిందని చెప్పవచ్చు.

2006 ఏప్రిల్‌లో 19 రోజులపాటు సాగిన ప్రజా ఉద్యమానికి తలవంచి రాజు పార్లమెంటును పునరుద్ధరించారు. మరుసటి నెలలోనే హైకమిషనర్ కార్యాలయం ఒక నివేదికను వెలువరించింది. ఖాట్మండులోని మహారాజ్‌గంజ్ సైనిక శిబిరంలో 2003, 2004 సంవత్సరాల్లో వందలాది మందిని అక్రమంగా నిర్బంధించి చిత్రహింసలకు గురిచేశారని, వారిలో 49 మంది ఆచూకీ తెలియడం లేదని అది వెల్లడించింది. రాజధాని నడిబొడ్డున జరిగిన ఈ దారుణం అధికారికంగా నమోదు కావడం అదే తొలిసారి.

ఆయుధాలకు తాళాలు

రాజుకు వ్యతిరేకంగా ఏడు పార్టీల కూటమికి, మావోయిస్టులకు మధ్య 2005 నవంబరులో ఢిల్లీలో 12 సూత్రాల అవగాహన కుదిరింది. ఈ సంధానంలో భారత రాజకీయ నాయకులు కొందరు క్రియాశీల పాత్ర నిర్వహించారు. హైదరాబాదులో పెరిగిన తెలుగువాడు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి వారిలో ముఖ్యుడు. 2006 నవంబరు 21న ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలా, మావోయిస్టు అధినేత ప్రచండ సమగ్ర శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు.

ఒప్పందం కుదిరినా ఆయుధాల సమస్య మిగిలే ఉంది. ఆయుధాలు అప్పగించడమంటే లొంగిపోవడమేనని తిరుగుబాటుదారులు, తుపాకీ నీడలో ఎన్నికలు అసాధ్యమని పార్టీలు పట్టుబట్టడం సహజం. 2004 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య హైదరాబాదులో జరిగిన చర్చలు సైతం ప్రధానంగా ఆయుధాల ప్రశ్న వద్దనే చిక్కుకుని మరుసటి ఏడాది ఆరంభానికే భగ్నమైన సంగతి తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇరుపక్షాలూ నమ్మదగిన మూడో పక్షం హైదరాబాదులో లేదు. ఖాట్మండులో ఉంది.

నేపాల్‌లో దొరికిన పరిష్కారం సామాన్యమైనదే. మావోయిస్టుల ఆయుధాలను శిబిరాల్లోని ఇనుప కంటెయినర్లలో భద్రపరుస్తారు. తాళంచెవి మావోయిస్టుల వద్దే ఉంటుంది. సమితి పరిశీలకులు కెమెరాలతో, హెచ్చరిక గంటలతో అనుక్షణం కనిపెట్టుకుని ఉంటారు. నేపాల్ సైన్యం సైతం అదే సంఖ్యలో ఆయుధాలను తన శిబిరంలో ఇదే పద్ధతిలో భద్రపరుస్తుంది. ఎవరూ లొంగిపోలేదు, ఎవరి గౌరవానికీ భంగం కలగలేదు. అయినా ఆయుధాలు ఊళ్ల నుంచి తొలగిపోయాయి.

ఈ బాధ్యత కోసం భద్రతా మండలి 2007 జనవరి 23న 1740వ నంబరు తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి నేపాల్‌లో ప్రత్యేక రాజకీయ బృందాన్ని నెలకొల్పింది. ఆయుధాల పర్యవేక్షణ, కాల్పుల విరమణ పరిశీలన, ఎన్నికల సంఘానికి సాంకేతిక సాయం, ఇవే దాని విధులు. శాంతి పరిరక్షక దళం రాలేదు. పరిపాలన అధికారం సమితికి అప్పగించలేదు. తన ఇంటి గుమ్మంలో సమితి పెద్ద పాత్ర వహించడం భారత్‌కు రుచించని విషయమని దౌత్య వర్గాలకు తెలుసు. విధులను ఇలా కుదించడమే భారత్ అంగీకారానికి మార్గాన్ని సుగమం చేసింది.

ఏడు ప్రధాన శిబిరాల్లో, వాటికి అనుబంధంగా ఏర్పడిన 21 చిన్న శిబిరాల్లో మావోయిస్టు సేన చేరింది. తొలుత నమోదైనవారు 32 వేలకు పైగా. సమితి బృందం ఒక్కొక్కరినీ విచారించి చివరకు 19,602 మందిని అర్హులుగా తేల్చింది. వారిలో 3,846 మంది మహిళలు. నమోదైన ఆయుధాలు 3,475. పరిశీలనకు హాజరైనవారిలో 2,973 మంది పిల్లలుగా సేనలో చేరినవారని, 1,035 మంది కాల్పుల విరమణ తర్వాత చేరినవారని తేలింది. ఈ 4 వేల మందినీ 2010 ఆరంభంలో శిబిరాల నుంచి పంపించివేశారు. బాల్యంలోనే తుపాకీ పట్టించిన నేరం నాయకులది కాగా, "అయోగ్యులు" అన్న ముద్ర మాత్రం ఈ యువతీ యువకుల నుదుట మిగిలిపోయింది. ఆ ముద్రను తొలగించాలని వారు ఏళ్ల తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది.

సమితి ప్రతిష్ఠకు దెబ్బ తగిలిన సందర్భం కూడా ఉంది. తమ అసలు సైనికులు ఏడెనిమిది వేలేనని, సంఖ్యను పెంచి చూపామని ప్రచండ తన కార్యకర్తలతో చెబుతున్న వీడియో 2009 మే నెలలో బయటపడింది. పరిశీలన బూటకమని ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. 2011 జనవరి 15న సమితి బృందం నేపాల్ నుంచి నిష్క్రమించింది. అప్పటికి మావోయిస్టు సైనికుల భవితవ్యం ఇంకా తేలలేదు. అయినప్పటికీ భయపడినట్టు యుద్ధం తిరిగి రాజుకోలేదు. నేపాలీ పార్టీలే 2011 నవంబరులో ఒక అవగాహనకు వచ్చాయి. 6,500 మంది వరకు సైన్యంలో చేర్చుకోవడానికి సైన్యం ద్వారాలు తెరిచినా, చివరకు చేరినవారు సుమారు 1,400 మందే. తక్కినవారిలో అత్యధికులు నగదు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. 2012 ఏప్రిల్‌లో శిబిరాలు, ఆయుధాలు నేపాల్ సైన్యం అధీనంలోకి వచ్చాయి.

ఈ ఘట్టం నుంచి ఒక విషయం స్పష్టమవుతున్నది. ఒకరినొకరు నమ్మని రెండు పక్షాలకు లెక్కలు చెప్పే మధ్యవర్తి అవసరమైనంతకాలం సమితి అనివార్యమైంది. నమ్మకం కొంత కుదిరాక మిగిలిన పనిని వారే పూర్తిచేసుకున్నారు.

ఎన్నికల నుంచి రాజ్యాంగం వరకు

రెండుసార్లు వాయిదా పడిన రాజ్యాంగ సభ ఎన్నికలు 2008 ఏప్రిల్ 10న జరిగాయి. ఓటర్లు 1.76 కోట్ల మంది. కొండ ప్రాంతాల్లో పోలింగ్ కేంద్రాల ఏర్పాటు, సిబ్బంది శిక్షణ, ఓటరు చైతన్యం వంటి పనుల్లో సమితి నిపుణులు నేపాల్ ఎన్నికల సంఘానికి తోడ్పడ్డారు. ఐరోపా యూనియన్, కార్టర్ సెంటర్ పరిశీలకులు దేశమంతటా పర్యటించారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వయంగా ఖాట్మండు వచ్చారు.

601 స్థానాల సభలో 335 స్థానాలను దామాషా పద్ధతిలో భర్తీ చేశారు. జాబితాల్లో మహిళలకు, దళితులకు, మధేశీలకు, ఆదివాసీ జనజాతులకు వాటా తప్పనిసరి చేశారు. ఫలితంగా సభలో దాదాపు మూడింట ఒక వంతు మహిళలే ఉన్నారు. అంతకుముందు పార్లమెంటు ముఖం చూడని వర్గాలు సభలో ఆసీనమయ్యాయి. మావోయిస్టులు పెద్ద పార్టీగా అవతరించారు. 2008 మే 28న తొలి సమావేశంలోనే రాచరికాన్ని రద్దుచేస్తూ సభ తీర్మానించింది. 240 ఏళ్ల షా వంశ పాలన తుపాకీ పేలకుండా ముగిసింది.

అయితే ఎన్నికలు జరిపించినంత సులువుగా రాజ్యాంగాన్ని రాయించడం సాధ్యం కాలేదు. నాలుగేళ్లపాటు కసరత్తు చేసిన తొలి సభ రాజ్యాంగం లేకుండానే 2012 మేలో రద్దయింది. ప్రధాన న్యాయమూర్తి ఖిల్‌రాజ్ రెగ్మీ నాయకత్వాన ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం 2013 నవంబరు 19న మళ్లీ ఎన్నికలు జరిపింది. ఈసారి ఫొటోలతో, వేలిముద్రలతో కొత్త ఓటర్ల జాబితా తయారైంది. పాత జాబితాలోని దొంగ ఓట్లు తొలగగా 1.21 కోట్ల మంది ఓటర్లు మిగిలారు. 196 స్థానాలతో నేపాలీ కాంగ్రెస్ అగ్రస్థానానికి చేరగా, మావోయిస్టులు 80 స్థానాలకు పడిపోయారు. ఓడినవారు తొలుత రిగ్గింగ్ ఆరోపణలు చేసినా చివరకు సభలో ప్రవేశించారే తప్ప అడవికి తిరిగి వెళ్లలేదు. నేపాల్‌లో ప్రజాస్వామ్యం వేళ్లూనుకుంటున్నదనడానికి ఇదొక నిదర్శనం.

భూకంపం మిగిల్చిన విషాదం నడుమ 2015 సెప్టెంబరు 20న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. సరిహద్దుల నిర్ణయంలోను, ప్రాతినిధ్యంలోను తమకు అన్యాయం జరిగిందని తరాయి ప్రాంత మధేశీలు ఆందోళనకు దిగారు. అంతకుముందు నెలల్లో జరిగిన హింసలో 40 మందికి పైగా మరణించారు. సరిహద్దులో సరుకుల రవాణా నెలల తరబడి స్తంభించి భారత్, నేపాల్ సంబంధాలు దెబ్బతిన్నాయి. రాజ్యాంగం ఎలా రాయాలో చెప్పే నిపుణులు అంతర్జాతీయ సంస్థల్లో ఎందరైనా ఉన్నారు. కొండలకు, తరాయికి మధ్య అధికారాన్ని ఎలా పంచుకోవాలో తేల్చవలసింది నేపాలీలే.

ఇరుపక్షాలకూ ఇష్టం లేని న్యాయం

శాంతి ఒప్పందంలో న్యాయం గురించి కూడా హామీ ఉంది. అదృశ్యమైనవారి వివరాలను 60 రోజుల్లో ప్రకటిస్తామని ఇరుపక్షాలూ రాసి ఇచ్చాయి. ఆ 60 రోజులు ఏళ్లు గడిచినా పూర్తికాలేదు.

కారణం వెతుక్కోనక్కరలేదు. ఆయుధాల విషయంలో ఒక పక్షం మోసం చేస్తే రెండో పక్షానికి నష్టం. అందుచేత ఇద్దరికీ సాక్షి కావలసి వచ్చింది. నేర విచారణలో అలా కాదు. విచారణ జరిగితే సైన్యానికీ నష్టమే, మావోయిస్టులకూ నష్టమే. 2005 జూన్‌లో చిత్‌వన్ జిల్లా మాడీ వద్ద ప్రయాణికుల బస్సును మావోయిస్టులు పేల్చివేసిన దుర్ఘటనలో 30 మందికి పైగా పౌరులు దుర్మరణం పాలయ్యారు. మహారాజ్‌గంజ్ శిబిరం సంగతి సైన్యానికి, మాడీ సంగతి మావోయిస్టులకు గుచ్చుకునేదే. యుద్ధంలో శత్రువులైనవారు విచారణను వాయిదా వేయడంలో మాత్రం మిత్రులయ్యారు.

కాభ్రే జిల్లాకు చెందిన 15 ఏళ్ల బాలిక ఉదంతం దీనికి తార్కాణం. 2004 ఫిబ్రవరిలో సైనికులు ఆమెను ఇంటి నుంచి తీసుకుపోయారు. పాంచ్‌ఖాల్ శిబిరంలో చిత్రహింసలకు తాళలేక ఆమె మరణించింది. శాంతి పరిరక్షక దళాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం కూడా ఆ శిబిరంలోనే ఉంది. సైనిక న్యాయస్థానం 2005లో ముగ్గురు అధికారులకు ఆరేసి నెలల శిక్ష విధించి, విచారణ కాలంలోనే అది పూర్తయిందని తేల్చివేసింది. తల్లి పట్టువిడవకుండా పోరాడిన ఫలితంగా 2007లో శిబిరం ఆవరణను తవ్వి అస్థికలను వెలికితీశారు. నిందితుల్లో మరొక అధికారి చాద్ దేశంలో సమితి శాంతి దళంలో పనిచేస్తున్నట్టు తెలియగానే 2009 డిసెంబరులో సమితి ఆయనను స్వదేశానికి పంపివేసింది. విమానాశ్రయంలో దిగిన ఆయనను సైన్యం తన అధీనంలో ఉంచుకుందే తప్ప పోలీసులకు అప్పగించలేదు. 2017 ఏప్రిల్‌లో జిల్లా కోర్టు ఆ అధికారిని నిర్దోషిగా ప్రకటించి, తక్కిన ముగ్గురికీ వారి పరోక్షంలో యావజ్జీవ ఖైదు విధించింది. తీర్పు వచ్చినా ఆ ముగ్గురిని జైలు గుమ్మం తొక్కించగల శక్తి సమితికీ లేకపోయింది, జిల్లా కోర్టుకూ లేకపోయింది.

హైకమిషనర్ కార్యాలయం గడువును పొడిగించడానికి నేపాల్ ప్రభుత్వం 2011 డిసెంబరులో నిరాకరించింది. కార్యాలయం మూతపడిన తర్వాత, 2012 అక్టోబరులో, సంస్థ జెనీవా నుంచి ఒక బృహత్ నివేదికను ప్రచురించింది. యుద్ధకాలంలో జరిగిన తీవ్రమైన ఉల్లంఘనలకు సంబంధించి 9 వేల వరకు ఉదంతాలను అది గుర్తించింది. దానితోపాటు సుమారు 30 వేల పత్రాల భాండాగారాన్ని అందుబాటులోకి తెచ్చింది. తీర్పు చెప్పే అధికారం లేని సంస్థ తాను చేయగలిగింది చేసింది, సాక్ష్యాన్ని భద్రపరచింది. రాజధానిలో దస్త్రాలు అగ్నికి ఆహుతైన నేపథ్యంలో, దేశం వెలుపల భద్రంగా ఉన్న ఆ పత్రాల విలువ ఇప్పుడు మరింత తేటతెల్లమవుతున్నది.

స్వదేశంలో ఆశాదీపంగా నిలిచినది సుప్రీంకోర్టే. అదృశ్యాలను నేరంగా పరిగణించే చట్టం చేసి, విచారణ సంఘాన్ని నియమించాలని 2007 జూన్ 1న ఆదేశించింది. క్షమాభిక్షకు వీలు కల్పిస్తూ తెచ్చిన ఆర్డినెన్సును 2014 జనవరిలో తోసిపుచ్చింది. అదే మాదిరి నిబంధనలతో 2014లో పార్లమెంటు చట్టం చేయగా, తీవ్ర నేరాలకు క్షమాభిక్ష చెల్లదని 2015 ఫిబ్రవరి 26న తీర్పునిచ్చింది. ఈ తీర్పుల్లో న్యాయమూర్తులు అంతర్జాతీయ ఒడంబడికలను, సమితి ప్రమాణాలను విస్తృతంగా ప్రస్తావించారు. వెలుపలి నుంచి వచ్చిన సూత్రాలు స్వదేశీ న్యాయమూర్తి కలంలో పడినప్పుడే వాటికి బలం చేకూరుతుందనడానికి ఇది ఉదాహరణ.

2015లో సత్యాన్వేషణ సంఘం, అదృశ్యాల విచారణ సంఘం ఏర్పడ్డాయి. మొదటిదానికి 60 వేలకు పైగా, రెండోదానికి 3 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. చట్టంలో లోపాలను సవరించేవరకు వీటికి సహకరించేది లేదని సమితి తెగేసి చెప్పింది. తన ముద్రను క్షమాభిక్షకు వాడుకోనివ్వకపోవడం సూత్రబద్ధమైన నిర్ణయమే. కాని ఆ నిర్ణయంతో ప్రభుత్వం మనసు మారలేదు. సంఘాల సభ్యులు మారారు, గడువులు పొడిగాయి, ఒక్క కేసు కూడా శిక్షదాకా వెళ్లలేదు. యుద్ధకాలపు 17 వేల మరణాల్లో 5 వేల మరణాలకు బాధ్యత వహిస్తానని 2020 జనవరిలో ప్రచండ బహిరంగ సభలో ప్రకటించారు. ఆ మాట ఆధారంగా ఆయనపై వచ్చిన పిటిషన్‌ను స్వీకరించాలని సుప్రీంకోర్టు 2023 మార్చిలో ఆదేశించేనాటికి ఆయన దేశ ప్రధాని పీఠంపై ఉన్నారు.

2023 అక్టోబరులో సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరెస్ ఖాట్మండు వచ్చి సహకారానికి సంసిద్ధత తెలిపారు. 2024 ఆగస్టులో పెద్ద పార్టీలన్నీ కలిసి చట్టానికి సవరణ చేశాయి. సమితి దీన్ని స్వాగతించింది. 2025 మే నెలలో రెండు సంఘాలకు కొత్త సభ్యులను నియమించగా, తమను సంప్రదించకుండా పార్టీలే వాటాలు పంచుకున్నాయని బాధిత కుటుంబాలు నిరసన తెలిపాయి. నాలుగు నెలలు తిరగకుండానే ఖాట్మండు వీధుల్లో మళ్లీ తుపాకులు పేలాయి. పాత నేరాలకు శిక్ష పడని చోట కొత్త నేరానికి జంకు ఉండదన్న హెచ్చరికను జాతీయ మానవ హక్కుల సంఘం ముందే వినిపించింది. రెండు దశాబ్దాల్లో తాను సిఫార్సు చేసినా చర్యలు తీసుకోని 286 మంది పేర్లను 2020 అక్టోబరులో అది బహిరంగంగా ప్రకటించింది కూడా.

పొరుగు దేశాల అనుభవం

ఈ అనుభవం నేపాల్ ఒక్కదానిదే కాదు. పాకిస్తాన్‌లో జనరల్ ముషారఫ్ 2007 నవంబరు 3న ఎమర్జెన్సీ విధించి న్యాయమూర్తులను తొలగించినప్పుడు కామన్వెల్త్ కూటమి ఆ దేశ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. ఎన్నికలు జరిగిన పిమ్మట 2008 మేలో సస్పెన్షన్‌ను ఎత్తివేసింది. కాని ప్రధాన న్యాయమూర్తి ఇఫ్తికార్ చౌధురి అప్పటికి తన కుర్చీలోకి తిరిగి రాలేదు. 2009 మార్చిలో న్యాయవాదుల మహా ప్రదర్శన ఇస్లామాబాద్ వైపు కదిలినప్పుడు మాత్రమే ప్రభుత్వం దిగివచ్చింది.

శ్రీలంక 2015 అక్టోబరులో జెనీవా తీర్మానానికి తానే సహ ప్రతిపాదకురాలై నిలిచి, ప్రభుత్వం మారగానే 2020లో తప్పుకుంది. దానితో సాక్ష్యాలను సేకరించి భద్రపరిచే బాధ్యతను 2021 మార్చిలో మానవ హక్కుల మండలి సమితి కార్యాలయానికే అప్పగించవలసి వచ్చింది. బంగ్లాదేశ్‌లో 2024 జూలై, ఆగస్టు మాసాల అణచివేతపై సమితి నిజనిర్ధారణ బృందం 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దాదాపు 1,400 మంది వరకు మరణించి ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ ఏడాది జూలైలో ఢాకాలో హైకమిషనర్ బృందం ఏర్పాటుకు ఒప్పందం కుదిరింది. 2005లో ఖాట్మండు ఎదుర్కొన్న పరీక్షే ఇరవై ఏళ్ల తర్వాత ఢాకా ముంగిట నిలిచింది.

మిగిలిన పని

ఈ ఉదంతాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే అంతర్జాతీయ సంస్థల సాయానికి ఒక హద్దు కనిపిస్తుంది. లెక్క తేల్చడం, సాక్షిగా నిలవడం, ఓటర్ల జాబితా తయారీలో తోడ్పడడం, రుజువులను భద్రపరచడం వాటికి చేతనవును. పాలకులు తమ మెడకు తామే ఉచ్చు బిగించుకునేలా చేయడం వాటికి చేతకాదు. ఆ పని చేయించగలిగేవి స్వదేశీ న్యాయస్థానాలు, పత్రికలు, బాధితుల సంఘాలు, ఓటర్లు మాత్రమే.

అలాగని వెలుపలి సాయం నిరర్థకమని తీర్మానించడం పొరపాటు. సమితి వాహనాలు శిబిరాల గేట్ల వద్ద ఆగకపోతే ఎన్ని పేర్లు కాగితం మీదికి ఎక్కకుండానే పోయేవో చెప్పలేము. కంటెయినర్లకు తాళాలు పడకపోతే 2008 ఎన్నికలు జరిగేవని నమ్మడం కష్టం. ఎన్నికలు జరగగానే పని పూర్తయిందని భావించి దాతలు, దౌత్యవేత్తలు పెట్టే సర్దుకోవడమే అసలు లోపమని పరిశీలకులు భావిస్తున్నారు. ఎన్నికలకు తేదీ ఉంటుంది, ఫలితం ఉంటుంది, ఫొటో ఉంటుంది. న్యాయ విచారణకు అవేవీ త్వరగా లభించవు.

2025 సెప్టెంబరులో ఏర్పడిన కార్కీ ప్రభుత్వం కాల్పులపై, విధ్వంసంపై విచారణ సంఘాన్ని నియమించి, 2026 మార్చి 5ను ఎన్నికల తేదీగా ప్రకటించింది. నేపాల్‌లో విచారణ సంఘాలకు కొరత ఎన్నడూ లేదు. నివేదికలు వెలుగు చూడడం, వెలుగు చూసినవి అమలు కావడమే అరుదు. గుడారాలు తొలగించి న్యాయస్థానానికి కొత్త భవనం నిర్మించడానికి విదేశీ నిధులు దొరకవచ్చు. ఆ భవనంలో వెలువడే తీర్పు సైనిక శిబిరం గేటు దాటి, పార్టీ కార్యాలయం మెట్లెక్కి అమలయ్యే రోజు కోసం 1,300 కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. ఆ రోజును తెప్పించవలసినది జెనీవా కాదు, ఖాట్మండు.